కంది కళ్లంలో ఎవరూ పిలవని గాలి

ఆ రోజు నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. కరెంటు తీగలు పీకకుండా ఫ్యాను విప్పాను. తెలియక చేసిన పని కాదు. మా ఊళ్లో ఎవరింట్లో ఫ్యాను ఆగినా నా దగ్గరికే తెస్తారు. తెచ్చిన ప్రతి మనిషికీ "స్విచ్చి ఆపితే చాలదప్పా, ముందు ప్లగ్గు పీకాల" అని చెప్పి పంపే వాణ్ని నేనే. చెప్పడం నా గొప్ప, చేయడం ఇంకొకరి పని అన్నట్టు ఉండేవాణ్ని.

ఇక దయ్యాలు, గాలి సోకడాలు, ఇలాంటివి నేను ఎప్పుడూ నమ్మలేదు. ఒకసారి చెరువు కట్ట మీద తెల్లగా ఏదో ఊగుతోందని మా వీధంతా తలుపులు వేసుకుంటే, తెల్లవారాక పోయి కంపచెట్టుకు చిక్కుకున్న ఎరువుల సంచిని పీకి తెచ్చి అందరికీ చూపించాను. ఇప్పుడు రాయబోయేది కూడా దయ్యమని నేను అనడం లేదు. ఏమని అనాలో నాకు తెలియదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది కళ్యాణదుర్గం దగ్గర మెట్ట ఊరు. వాన పడితే పంట, లేకుంటే లేదు. ఆ ఏడు శెనక్కాయ సగం ఎండిపోయినా, దాని మధ్య సాళ్లలో వేసిన కంది మాత్రం మేమే నమ్మలేనంతగా కాసింది. శివరాత్రి దాటిన కొన్నాళ్లకు కంది కట్టె కొట్టడం అయిపోయి, కళ్లంలో రాశి పడింది. పొట్టూ కందులూ కలిసిన ఆ కుప్పను చూస్తుంటే కడుపు నిండినట్టు ఉండేది. తూర్పారబట్టడం ఒక్కటే మిగిలింది.

ఆ రోజే ఇంకో సంతోషం కూడా ఉంది. నా కూతురు శైలజ తొలికాన్పు అయి, పసిబిడ్డతో సాయంత్రం ఆసుపత్రి నుంచి ఇంటికి వస్తోంది. మా ఇల్లు మట్టి మిద్దె. దూలాలు తలకు తగిలేంత కిందికి ఉంటాయి కాబట్టి సీలింగు ఫ్యాను బిగించలేం. ఇంట్లో ఉన్నది ఒకే ఒక స్టాండు ఫ్యాను. ఎండలు అప్పుడే మొదలయ్యాయి. బాలింత గదిలో ఆ ఫ్యాను తిరగాలి.

అయినా పొద్దున నేను దాన్ని భుజాన వేసుకుని కళ్లానికి తీసుకుపోయాను. గాలి లేని రోజుల్లో మా వైపు చాలామంది చేసే పనే ఇది. ఫ్యాను ముందు నిలబడి చేటతో పోస్తే పొట్టు ఎగిరిపోతుంది, గింజ కింద పడుతుంది. నా భార్య రత్నమ్మ ఇల్లు అలికి, ఉగ్గుగిన్నె తోమిపెట్టి, నా వెనకే వచ్చింది.

"పొద్దుగూకేలోగా ఫ్యాను ఇంట్లో ఉండల్ల. దుమ్ము పట్టించి పాడు చేసినావంటే నీ మనవరాలికి నువ్వే విసనకర్రతో విసరల్ల, తెల్లార్లూ" అంది.

"విసురుతాలే, నాకేం చేతులు లేవా?" అన్నాను నవ్వుతూ.

మాకంటే ముందే మా మేనత్త హనుమక్క కళ్లంలో ఉంది. మా నాయన చెల్లెలు ఆమె. బిడ్డలు లేరు. భర్త పోయినప్పటి నుంచి మాతోనే ఉంటుంది. ఆమెకు ఒక అలవాటు ఉంది. తూర్పారబట్టే రోజు గాలి ఆడకపోతే కళ్లం అంచున నిలబడి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టి, "గాలమ్మా... రా తల్లీ... రా..." అని దీర్ఘం తీసి పిలుస్తుంది. చివర సన్నగా ఈల వేస్తుంది. ఆమె చిన్నప్పుడు పెద్దవాళ్లు అలా పిలిచేవాళ్లట. ఇప్పుడు మా చుట్టుపక్కల అలా పిలిచేది ఆమె ఒక్కతే.

ఆ పొద్దున ఆమె చాలాసేపు పిలిచింది. పక్క కళ్లంలో ఓబులేసు తన కంది రాశి ముందు చేట పట్టుకుని అదే గాలి కోసం ఎదురుచూస్తున్నాడు. ఆకు కదల్లేదు. దూరంగా కొండ మీద వరుసగా నిలబెట్టిన గాలిమరలు ఒక్కటీ తిరగలేదు. మా కళ్లం నుంచి అవన్నీ కనిపిస్తాయి. అవి తిరిగితే ఇక్కడా గాలి ఉన్నట్టు, లేకుంటే లేనట్టు. మేమంతా వాటిని చూసే గాలి సంగతి చెప్పుకుంటాం.

నేను ఫ్యానును తెచ్చి రాశి ముందు నిలబెట్టాను. అత్త ఇంకా పిలుస్తూనే ఉంది. పని మొదలుపెట్టాలన్న తొందరలో, పక్కన ఓబులేసు వింటున్నాడన్న ఉషారులో, నేను ఒక మాట అన్నాను.

"అత్తా, నీ గాలమ్మ ముసల్ది అయిపోయినాది, నీ మాదిరే. ఇంక దేనికీ పనికి రాదు. పోయి చెట్టు కింద కుచ్చో, ఫ్యానుకు అడ్డం రావద్దు."

ఓబులేసు గట్టిగా నవ్వాడు. అత్త నవ్వలేదు. మెల్లగా పోయి కానుగ చెట్టు కింద మాకు వీపు పెట్టి కూర్చుంది. నేను ఆమె వైపు రెండోసారి చూడలేదు.

కరెంటు నేను ఎలా తీసుకున్నానో కూడా చెప్పాలి. కళ్లం పక్కనే మా బోరు ఉంది. ఒక తీగను బోరు మోటారు స్టార్టరు పెట్టెలో తగిలించాను. రెండో తీగను భూమిలో పాతిన ఇనుప కడ్డీకి చుట్టాను. నేల తడిగా ఉంటే ఫ్యాను జోరుగా తిరుగుతుందని కడ్డీ చుట్టూ బిందెడు నీళ్లు పోశాను. ప్లగ్గు లేదు, ఏమీ లేదు, రెండు బోడి తీగలు. పైగా మా వైపు కళ్లంలో ఎవరూ చెప్పులు వేసుకోరు. గింజ ఉన్న చోట చెప్పులతో తొక్కితే తప్పు అంటారు. నేనూ వట్టి కాళ్లతోనే ఉన్నాను.

కొంతసేపు ఫ్యాను బాగానే తిరిగింది. ముప్పావు వంతు రాశి ఇంకా అలాగే ఉండగా రెక్కలు నెమ్మదించాయి. గుయ్‌మని మూలుగు తప్ప తిరగడం లేదు. మాడిన వాసన వచ్చింది. అంతలోనే కరెంటూ పోయింది. పొలాలకు మాకు పొద్దున కొంతసేపు, మధ్యాహ్నం తర్వాత కొంతసేపు కరెంటు ఇస్తారు. పొద్దుటి వంతు అయిపోయింది, ఇక మధ్యాహ్నం దాకా రాదని నా లెక్క.

నాకు కంగారు పట్టుకుంది. రాశి మిగిలిందని కాదు. సాయంత్రం బిడ్డ వచ్చేసరికి ఫ్యాను తిరగకపోతే రత్నమ్మకు ఏం ముఖం చూపించాలి? వెంటనే స్క్రూడ్రైవరు, కటింగ్ ప్లయరు తీసుకుని కూర్చున్నాను. ఫ్యానును పడుకోబెట్టి విప్పడానికి తీగ పొడవు చాలకపోవడంతో దాన్ని కడ్డీ దగ్గరికి, ఆ తడి నేల మీదికే లాక్కున్నాను.

రత్నమ్మ చూసింది. "ముందు ఆ తీగలు పీకయ్యా."

"కరెంటే లేదే. ఏం పీకేది?"

"వచ్చేస్తే?"

"దాని టైము నాకు తెలీదా? నువ్వు పొట్టు ఊడ్చుకో పో."

పొద్దున మధ్యలో ఒకసారి కరెంటు పోయి వచ్చింది. అలా పోయిన సమయాన్ని ఒక్కోసారి తర్వాత కలిపి ఇస్తారు. అది నాకు తెలుసు. ఆ క్షణంలో గుర్తుకు రాలేదు. గుర్తుకు వచ్చినా ఆమె ముందు లేచి పోయి తీగలు పీకేవాణ్నా అంటే, పీకేవాణ్ని కాదనే అనుకుంటున్నాను.

జాలీ తీశాను. రెక్కలు తీశాను. వెనక మూత విప్పాను. అంతా పొట్టే. ఇరుసుకు కంది నార చుట్టుకుపోయి, అది తిరిగే బుష్షులోకి దుమ్ము దిగి బిగుసుకుపోయింది. తిరగడానికి మొదటి ఊపునిచ్చే కండెన్సరు డబ్బా ఉబ్బి ఉంది. దాని తీగలు కత్తిరించి తీసేద్దామని ప్లయరును దగ్గరికి తెచ్చాను. ఆ ప్లయరు పిడి మీద రబ్బరు ఎప్పుడో ఊడిపోయింది.

అప్పుడు వినిపించింది.

"గాలమ్మా... రా తల్లీ... రా..." చివర సన్నటి ఈల.

నాకు కోపం వచ్చింది. "అత్తా, ఊరికే ఉండలేవా?" అని అరిచి తల తిప్పాను. అత్త చెట్టు కిందే ఉంది. మాకు వీపు పెట్టే ఉంది. చిన్న రోట్లో ఆకూవక్కా దంచుకుంటోంది. నా అరుపు విని వెనక్కి తిరిగింది. ఆమె దవడ నిండా ఆకు ఉంది. ఆ నోటితో ఎవరూ అలా పిలవలేరు, ఈల వేయలేరు.

ఆ వెంటనే నా మెడ మీద చల్లగా తగిలింది. కళ్లంలో పొట్టు వణికింది. తర్వాత గాలి నేరుగా, బలంగా, ఒకే వైపు నుంచి రాశి మీదికి వచ్చింది.

"గాలొచ్చినాదీ! బిన్నా రా, బిన్నా రా!" అని నన్ను తొందర పెడుతూ రత్నమ్మ చిన్నపిల్లలా గంతులేసింది.

నేను ప్లయరును ఫ్యాను మీదే పడేసి పరిగెత్తాను. గాలి వచ్చినప్పుడు ఆగే రైతు ఉండడు. చేట నింపి తలకంటే పైకి ఎత్తి పోశాను. పొట్టు తెరలా ఎగిరిపోయి కంపచెట్ల దాకా పోయింది. కందులు గలగలా కింద పడ్డాయి. ఎంత బాగా ఉండిందో చెప్పలేను. అత్త లేచి, ఆకు ఉమ్మేసి, చీర కుచ్చెళ్లు ఎగదోపుకుంటూ వచ్చి నా చేతిలో చేట లాక్కుంది.

"నీకు పొయ్యను రాదురా తిప్పా, జరుగు!" అంది. నా పేరు తిప్పేస్వామి. ఆమెకు నేను ఎప్పుడూ తిప్పానే.

ముగ్గురమూ నవ్వుతున్నాం. నవ్వుతుండగానే వెనక టప్‌మని పేలింది.

తిరిగి చూస్తే బోరు దగ్గర కట్టిన బల్బు వెలుగుతోంది. కరెంటు వచ్చింది. విప్పిన ఫ్యాను నుంచి నిప్పురవ్వలు, పొగ. నేను కూర్చున్న తడి నేల మీద ఎవరూ లేరు.

ఓబులేసు చెప్పులు వేసుకుని పరిగెత్తుకొచ్చాడు. నేను ఫ్యాను వైపు అడుగు వేయబోతే "ఆడికి పోవద్దన్నా!" అని అరిచి, ఎండు కంది కట్టెతో స్టార్టరు పక్కనున్న మెయిన్ పిడిని కిందికి తోశాడు. రత్నమ్మ నా చెయ్యి పట్టుకుంది, చాలాసేపు వదల్లేదు. ఆ ప్లయరు కొన దగ్గర ఇనుము కరిగి గుంట పడింది. అది ఇప్పటికీ నా దగ్గర ఉంది.

గాలి మాత్రం ఆగలేదు. చివరికి అత్తే "గాలి ఉన్నప్పుడే కానీండప్పా, ఏడ్చేది తర్వాత ఏడుద్దురు" అని మళ్లీ చేట ఎత్తింది. రాశి మొత్తం అయ్యేదాకా గాలి అలాగే వచ్చింది. ఆఖరి చేట పోయగానే తలుపు వేసినట్టు ఆగిపోయింది.

అప్పుడు ఓబులేసు నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు. "అన్నా, మీకు గాలి ఎట్ల వచ్చినాది?"

"ఎట్ల వచ్చేదేమి, వచ్చినాది."

"నాకు రాల్యా. మీ పొట్టు ఎగురుతాంటే మొదట ఫ్యాను బాగైనాదేమో అనుకుంటి."

అతని కళ్లం మా కళ్లానికి ఆనుకునే ఉంది. మధ్యలో చిన్న గట్టు, అంతే. పోయి చూశాను. అతని రాశి మీద పొట్టు పొద్దున ఉన్నట్టే ఉంది. అతను బీడీ వెలిగించుకుంటే పొగ నిటారుగా పైకి పోయింది. కొండ వైపు చూశాను. గాలిమరలు ఒక్కటీ తిరగడం లేదు. గాలి వీస్తున్నంతసేపూ అవి తిరగలేదని ఓబులేసు అన్నాడు. అతను వాటినే చూస్తూ కూర్చున్నాడట, ఎప్పుడు తిరుగుతాయా అని.

సుడిగాలి కాదా అని మీరు అడగవచ్చు. సుడి తిరుగుతుంది, పొట్టును నింగికి లేపుతుంది. ఇది నేరుగా వచ్చింది. మా పొట్టంతా ఒకే వైపు, ఒకే వరసలో పడింది.

ఇక ఆ పిలుపు. నాకు అది నా వెనక నుంచి వినిపించింది. రత్నమ్మకు కళ్లం అవతలి నుంచి వినిపించిందట. ఓబులేసు కూడా విన్నాడు, మా రాశి దగ్గర నుంచే వచ్చిందన్నాడు. అది హనుమక్క గొంతేనా అని అడిగితే, ఆమెదే గానీ కొంచెం లేత గొంతు అన్నారు ఇద్దరూ. నాకూ అలాగే అనిపించింది. వినిపించనిది ఒక్క హనుమక్కకే.

"నేను పిల్చల్యా. అలిగి కుచ్చుంటే ఏంటికి పిలుస్తా? నాకేమీ వినపల్యా" అంది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. "ఇన్నేండ్లు గొంతు పగిలేట్ల పిలిస్తి. దానికి మనసైతే వచ్చేది, లేకుంటే లేదు. నేను నోరు మూసుకున్న దినం అదే పరిగెత్తుకొచ్చినాదే! చూడు దాని పొగరు!"

ఆమె నవ్వు చూసి మేమూ నవ్వాం. కానీ నాకు లోపల వేరేగా ఉంది. పొద్దున నేనన్న మాటకు ఆమె చెట్టు కిందికి పోయింది. ఆమె పిలవకుండానే ఆమె పిలుపు నన్ను లేపింది.

సాయంత్రం అల్లుడు కారు మాట్లాడుకుని శైలజనూ బిడ్డనూ తీసుకొచ్చాడు. నేను ఫోన్ చేసి చెబితే కొత్త కండెన్సరు, ప్లగ్గు, టేపు కళ్యాణదుర్గంలో కొని తెచ్చాడు. ఇంట్లో హారతులు, ఎర్రనీళ్లు, పిల్లది ఎవరి పోలిక అన్న గొడవ. ముక్కు నాదే అని నేను, దేవుడు కాపాడాల అని రత్నమ్మ.

ఆ సందడిలోనే నేను వసారాలో ఫ్యాను ముందేసుకుని కూర్చున్నాను. అదృష్టం కొద్దీ మోటారు లోపలి రాగి తీగ చుట్ట కాలలేదు. కొత్త తీగ వేసి, దానికి ప్లగ్గు బిగించి, ఆ ప్లగ్గు గోడకు పెట్టకుండా అత్త దగ్గరికి పోయాను.

"అత్తా, నేను పని ముగించేదాకా ఇది నీ చేతిలో ఉండల్ల. నేను అడిగినా ఇయ్యొద్దు."

"ఏంటికిరా?"

"ఇది నీ చేతిలో ఉన్నంతసేపూ కరెంటు నా జోలికి రాదు." ఇంకా ఏదో చెప్పాలని ఉంది. "పొద్దున అన్న మాట తప్పు, అత్తా. మనసులో పెట్టుకోవద్దు."

ఆమె ప్లగ్గు తీసుకుని ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద కప్పింది.

పాత కండెన్సరు పగిలిపోయినా, కొత్తది వేసేముందు రెండు తీగలనూ రబ్బరు పిడి ఉన్న స్క్రూడ్రైవరుతో కలిపి తాకించాను. కండెన్సరులో కరెంటు నిలవ ఉంటే అలా పోతుంది. ఇరుసుకు చుట్టుకున్న నార బ్లేడుతో కోసి లాగాను. పాత పళ్ల బ్రష్షుతో పొట్టు దులిపాను. బుష్షులో చుక్క చుక్కగా మిషను నూనె వేసి, చేత్తో తిప్పుతూ కూర్చున్నాను. మొదట బిగువుగా ఉండి, తర్వాత ఒక్క వేలితో తోస్తే దానంతట అదే తిరిగేదాకా ఆగలేదు. తీగల అతుకులన్నిటికీ టేపు చుట్టి, మూత బిగించి, రెక్కలు, జాలీ వేశాను. అంతా అయ్యాకే అత్తను ప్లగ్గు అడిగాను.

"ఇయ్యొద్దంటివి కదా?" అంది.

"ఇప్పుడు ఇయ్యొచ్చత్తా."

ప్లగ్గు పెట్టి, స్విచ్చి వేసి, ముందు టెస్టరుతో ఫ్యాను ఇనుమును తాకి చూశాను. వెలగలేదు. అప్పుడే ఫ్యానును చేత్తో ముట్టుకుని బాలింత గదిలోకి తిప్పాను. పసిదాని తల మీద నూగు వెంట్రుకలు కదిలాయి. అది ఒళ్లు విరుచుకుని, మూతి ముడిచి, మళ్లీ పడుకుంది. గడప దగ్గర నిలబడి అందరం దాన్నే చూశాం.

ఆ గాలి ఏమిటో, ఆ గొంతు ఎవరిదో నాకు ఇప్పటికీ తెలియదు. ఎంత ఆలోచించినా సమాధానం దొరకలేదు. దొరకాలని ఇప్పుడు పెద్దగా తాపత్రయం కూడా లేదు. నా వంతు ఏమిటన్నది మాత్రం నాకు తెలిసింది.

మా చుట్టుపక్కల పొలాల్లో, పశువుల కొట్టాల్లో బోడి తీగలతో ఫ్యాన్లు, బల్బులు పెట్టించింది చాలా చోట్ల నేనే. "ఏం కాదులేప్పా, నేను చూసుకుంటా" అని ధైర్యం చెప్పింది నేనే. ఆ ఎండాకాలమంతా ఒక్కో ఇంటికీ పోయి ఆ తీగలన్నీ పీకేశాను. ఎవరికి ఎలా చేసిపెట్టానో వాళ్లకే మళ్లీ సరిగ్గా చేసిచ్చాను. ఎందుకు అని అడిగిన ప్రతి ఇంట్లో జరిగింది మొత్తం చెప్పాను.

మొదటి ఇంటి నుంచి వచ్చాక, అక్కడ నేను ఏం చెప్పానో అత్తకు ఎవరో మోశారు. మరుసటి రోజు నేను మోపెడ్ తీస్తుంటే ఆమె వచ్చి వెనక కూర్చుంది.

"యాడికత్తా?"

"నీతోనే. నువ్వు సగం సగం చెప్తాండావంట."

నిజమే. అత్తను ఏదో చిన్న మాట అన్నానని దాటేశాను. ఆమె నాతో పాటు ఇల్లిల్లూ తిరిగింది. వాళ్లిచ్చిన కాఫీ తాగింది. నేను చెబుతుంటే పక్కనే కూర్చుని వింది. నేను మాటను ఎక్కడ మెత్తబరిస్తే అక్కడ పట్టుకుంది.

ఒక ఇంట్లో కొత్త కోడలు, అత్తామామలు, అందరూ కూర్చుని ఉన్నారు. నాకు సిగ్గేసింది. "మా అత్త గాలిని పిలుస్తాంటే, చాలులే అత్తా అంటి" అని చెప్పుకుపోతున్నాను.

"అట్ల కాదు" అంది హనుమక్క, కాఫీ గ్లాసు కింద పెట్టి. "ఏమన్నావో ఆ మాటే అను."

నేను తల దించుకుని ఆ మాటే అన్నాను. ముసల్ది అయిపోయిందని, పనికి రాదని, ఫ్యానుకు అడ్డం రావద్దని.

కొత్త కోడలు ఫక్కున నవ్వి నోరు మూసుకుంది. తర్వాత అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా హనుమక్క నవ్వింది.

నేను లేచి, వాళ్ల ఫ్యాను ప్లగ్గు పీకి, ఆ కోడలి చేతిలో పెట్టి పని మొదలుపెట్టాను.